జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు

ప్రశ్న: మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్. విశాఖలో రెండో కీమో అయ్యాక పర్లాకిమిడి తీసుకొచ్చాం. ఆ రోజే మూత్రం ఎర్రగా వస్తే హడలిపోయాం. పదో రోజు రాత్రి జ్వరమొస్తే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టాం. పొద్దుటికి తగ్గింది. తప్పు చేశామా?
- ఒక కోడలు, పర్లాకిమిడి

జవాబు: మూత్రం సంగతి వదిలేయండమ్మా. అది డాక్సోరూబిసిన్ అనే ఎర్ర మందు రంగు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నాకు టెన్షన్ పెట్టింది ఆ పారాసిటమాల్. కీమో ఎక్కాక 7 నుంచి 14 రోజుల మధ్య, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు తాకితే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీయే. మాత్రతో అంకె దిగుతుంది, లోపలి ఇన్ఫెక్షన్ దిగదు. ముందు మీ డాక్టరుకు ఫోన్ చేయండి. విశాఖ దూరమైతే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, మొదటి మాటగా "కీమోలో ఉన్నారు" అని చెప్పండి.

నేను నర్సుగా ఉన్న రోజుల్లో "చెయ్యి పెట్టి చూశాం, వెచ్చగా లేదు సిస్టర్" అనేవాళ్లే ఎక్కువ. చేతిని నమ్మకండి, డిజిటల్ థర్మామీటర్ కొనండి. పిల్లల పాత నోట్‌బుక్‌లో రోజూ జ్వరం, విరేచనాలు, నోటిపుండ్లు రాయండి. తర్వాత పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలైతే వేళ్ల తిమ్మిరి కూడా. చీరకు పిన్ను పెట్టుకోలేకపోతున్నారంటే అదీ రాయాల్సిందే.

మీ వైపు పఖాళ, అంటే నీళ్లలో నానబెట్టిన చద్దన్నం, మానడం కష్టమే. కానీ ఆ వారం మాత్రం రాత్రి మిగిలిన అన్నం వద్దు, వేడిగా వండి పెట్టండి.