ప్రయోగశాల లేకుండా ఫిజిక్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దు, థియరెటికల్ ఫిజిక్స్ చదువుతానంటోంది. కాగితం మీద లెక్కలు వేసుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా మాస్టారూ? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, సోంపేట

జవాబు: ఉద్యోగమేనండీ, చాలా పెద్ద ఉద్యోగం. విజయనగరంలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ సత్యేంద్రనాథ్ బోస్ గురించి చెప్పకుండా నేను ఏ బ్యాచ్‌నీ బయటికి పంపలేదు. మీకూ ఆయన గురించే చెబుతాను.

1924లో ఆయన ఢాకా యూనివర్సిటీలో రీడర్. పీహెచ్‌డీ లేదు. వేడెక్కిన వస్తువు నుంచి వచ్చే కాంతికి జర్మన్ శాస్త్రవేత్త ప్లాంక్ ఇచ్చిన సూత్రాన్ని క్లాసులో చెప్పాలి. సూత్రం సరైనదే, కానీ దాన్ని రాబట్టే దారిలో సగం పాత సిద్ధాంతం, సగం కొత్తది. రెండింటికీ పొసగదు. పిల్లలకు అలా అతుకుల బొంతలా చెప్పడం ఆయనకు నచ్చలేదు. లెక్కపెట్టే పద్ధతినే మార్చేశారు.

రెండు రూపాయి బిళ్లలు ఎగరేయండి. రెండూ బొమ్మ, రెండూ బొరుసు, మొదటిది బొమ్మ రెండోది బొరుసు, లేదా మొదటిది బొరుసు రెండోది బొమ్మ. మొత్తం నాలుగు రకాలు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడే అవకాశం సగం. కాంతి రేణువుల్లో మాత్రం ఇది మొదటిది, అది రెండోది అనే తేడాయే లేదు. అందుకని మూడే రకాలు, ఒక్కోదానికీ మూడో వంతు అవకాశం. ఇలా లెక్కపెడితే ప్లాంక్ సూత్రం తిన్నగా వచ్చేసింది!

ఇంగ్లండ్ పత్రిక ఆ వ్యాసాన్ని వేసుకోలేదు. ఐన్‌స్టీన్‌కి పంపితే ఆయనే జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించారు. అదే లెక్కను పరమాణువులకూ వర్తింపజేసి, బాగా చల్లబరిస్తే అవి ఒకే స్థితిలోకి చేరిపోతాయన్నారు. 1995లో అమెరికాలోని కొలరాడోలో రుబీడియం పరమాణువులతో అది రుజువైంది. అలా చేసి చూపినవాళ్లకు 2001లో నోబెల్ వచ్చింది. బోస్‌కి ఎప్పుడూ రాలేదు, 1974లోనే కన్నుమూశారు. ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. ఇచ్ఛాపురం దాటితే బరంపురంలోనే ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా, పరిశోధన సంస్థ ఉంది. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు, ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భువనేశ్వర్‌లోని నైసర్ కూడా అలాంటి సంస్థే, దానికి నెస్ట్ అనే ప్రవేశ పరీక్ష. తర్వాత పీహెచ్‌డీ, దానికి ఫెలోషిప్ వస్తుంది. పూర్తిగా స్థిరపడేసరికి ముప్పై దాటొచ్చు, ఆ ఓపిక మీకూ ఉండాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాయించండి. అందులో మంచి ర్యాంకు వస్తే మాత్రం, మనసు మార్చుకోమని పిల్లని ఒత్తిడి చేయకండి.