హీబ్రూలో గంటలు, రోజులు చెప్పడం ఎట్లా నేర్చుకోవాలి?

ఇంగ్లిష్ అంతంత మాత్రమే, కేర్‌గివర్‌గా ఇజ్రాయెల్ వస్తున్నాను, టైమ్ మాటలు ఎట్లా నేర్చుకోవాలి అని అడిగారు. నేను హైఫాలో ఒక పెద్దావిడ దగ్గర అదే పని చేస్తున్నాను. ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడకండి. ఈ మాటల్ని నేరుగా తెలుగు నుంచే పట్టుకుంటే ఇంకా తొందరగా వస్తాయి.

ముందు ఒకటి నుంచి పన్నెండు దాకా నోటికి రావాలి: అఖత్, ష్తాయిమ్, షలోష్, అర్బా, ఖమేష్, షేష్, షేవా, ష్మోనే, తేషా, ఎసేర్, అఖత్-ఎస్రే, ష్తేమ్-ఎస్రే. ఖేత్సి అంటే అర, రేవా అంటే పావు. మూడున్నర "షలోష్ వఖేత్సి", మూడుంపావు "షలోష్ వరేవా", పావు తక్కువ నాలుగు "రేవా లె-అర్బా". మనం ఇంట్లో చెప్పుకునే వరసే.

నిన్న ఎత్మోల్, ఈరోజు హయోమ్, రేపు మఖార్. ఎల్లుండికి కూడా ఒక్కటే మాట, మొఖ్రోతాయిమ్.

అన్నిటికంటే జాగ్రత్తగా నేర్చుకోవాల్సింది మందుల దగ్గర వాడేవి. "లిఫ్నేయ్ హాఓఖెల్" అంటే భోజనానికి ముందు, "అఖరేయ్ హాఓఖెల్" అంటే తర్వాత. నేను సఫ్తా, అంటే అమ్మమ్మ, అని పిలిచే ఆ పెద్దావిడ కూతురు ఫోన్ చేసి మాత్ర ఎప్పుడు వేశావని అడిగితే "లిఫ్నేయ్ షాతాయిమ్" అంటాను, రెండు గంటల ముందు అని. మన "ముందు" లాగే లిఫ్నేయ్ రెండు చోట్లా సరిపోతుంది. ఇంకో రెండు గంటల్లో వేయాలంటే మాత్రం "బెఓద్ షాతాయిమ్". ఈ రెండూ తారుమారైతే డోసే మారిపోతుంది, అందుకే ఫ్రిజ్ మీది మందుల చార్టులో వీటిని తెలుగు అక్షరాల్లో రాసి పెట్టాను.

షఆ అంటే ఒక గంట, షాతాయిమ్ రెండు. అట్లాగే యోమ్ అంటే ఒక రోజు, యోమాయిమ్ రెండు. షవూఆ అంటే వారం, ష్వువాయిమ్ రెండు వారాలు. రోజుకు రెండుసార్లు అంటే "పఆమాయిమ్ బెయోమ్". చివర "ఆయిమ్" వినిపిస్తే చాలాసార్లు రెండు అనే అర్థం, కానీ త్సోహొరాయిమ్ అంటే మాత్రం మధ్యాహ్నం. ఎనిమిది గంటలకోసారి అంటే "కోల్ ష్మోనే షఓత్".

వారాలకు పేర్లు లేవు, వరస నంబర్లే. ఆదివారం యోమ్ రిషోన్, మొదటి రోజు. సోమవారం యోమ్ షేనీ. సోమవారం నుంచి లెక్కపెడితే డాక్టర్ అపాయింట్‌మెంట్ ఒక రోజు తప్పిపోతుంది. శనివారం ఒక్కదానికే పేరుంది, షబ్బాత్. అది శుక్రవారం పొద్దుగూకగానే మొదలై శనివారం చీకటి పడ్డాక ముగుస్తుంది. ఆ శనివారం రాత్రిని "మొత్సేయ్ షబ్బాత్" అంటారు. సెలవు గురించి ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు మీ సెలవు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఈ మాటలతోనే ఖాయం చేసుకోండి.

అపాయింట్‌మెంట్ కాగితాల మీద 14:30 అని 24 గంటల లెక్కలో ఉంటుంది, నోటితో మాత్రం "ష్తాయిమ్ వఖేత్సి" అంటారు. క్లినిక్‌లో వేగంగా చెప్పేస్తే మొహమాటపడకుండా మగవాళ్లనైతే "తిఖ్తోవ్ లి, బెవకషా" అనండి, ఆడవాళ్లనైతే "తిఖ్తెవి లి". దయచేసి రాసివ్వండి అని. రాసిస్తారు.