శబ్దం, ధ్వని, మోత: కారు స్పీకర్ల కరపత్రంలో ఏ మాట ఎక్కడ?

సందేహం: నల్లగొండలో కార్లకు స్పీకర్లు, యాంప్లిఫయర్లు బిగించే దుకాణం నడుపుతున్నాను. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ వైపు నుండి వచ్చేవారి కోసం ఒక కరపత్రం వేయించదలచి, తెలుగు బాగా వచ్చిన మిత్రునితో రాయించాను. ‘మా వద్ద కంపెనీ వారిచే అమర్చబడిన ధ్వని వ్యవస్థ ఉన్నతీకరింపబడును. అధిక శబ్ద సామర్థ్యము గల ధ్వనివర్ధకములు బిగింపబడును. శబ్దం రెండింతలు ఎక్కువ’ అని రాసి ఇచ్చారు. చూపించిన వారిలో చాలామందికి అర్థం కాలేదు. శబ్దం, ధ్వని ఒకటేనా? యాంప్లిఫయర్‌ను ధ్వనివర్ధకం అనవచ్చునా? గెయిన్, క్రాసోవర్ వంటి వాటిని తెలుగులో ఎట్లా చెప్పాలి? (ఒక పాఠకుడు, నల్లగొండ)

సమాధానం: మీ మిత్రుడు రాసిన వాక్యాలలో వ్యాకరణ దోషం పెద్దగా లేదు. చదివినవారికి అర్థం కాకపోవడానికి కారణం, ప్రతి మాటా తన అసలు చోటు వదిలి పక్క చోట కూర్చోవడమే.

శబ్దం, ధ్వని నిఘంటువులో పర్యాయపదాలే అయినా, వాడుకలో చాలాకాలం నలిగిన తరువాత ఒక్కొక్కటి ఒక్కొక్క పనికి స్థిరపడ్డాయి. శబ్దానికి వ్యాకరణంలో ‘మాట’ అనే అర్థం ఉంది. ‘రామ శబ్దం’ అన్నప్పుడు మనం చెవికి వినబడే చప్పుడును గురించి మాట్లాడడం లేదు. ఆ అర్థాన్ని పక్కన పెడితే, నేటి తెలుగులో శబ్దం అనే మాట ఎక్కువగా అక్కరలేని సందడిని సూచిస్తున్నది. దాని వికృతి ‘సద్దు’ను చూడండి: పిల్లలను ‘సద్దు చేయకండి’ అంటాము, తగాదా చల్లబడితే ‘సద్దుమణిగింది’ అంటాము. చప్పుళ్ల అదుపు కోసం కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన నియమాలను తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు ‘శబ్ద కాలుష్యం’ అనడం పరిపాటి, ‘ధ్వని కాలుష్యం’ అనేవారూ ఉన్నారు. ధ్వని అట్లా కాదు. బడి పుస్తకాలలో భౌతికశాస్త్ర పాఠం పేరు ‘ధ్వని’. అది మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు, మాట మాత్రం ఏ పక్షమూ వహించదు. నాదం అంటే శ్రుతిలో ఉన్నది, వినడానికి ఇంపైనది. కనుక ‘అధిక శబ్ద సామర్థ్యము’ అని చదివిన కొనుగోలుదారు, మీరు ఆయన కారును గోలగా మార్చి ఇస్తామంటున్నారని అనుకుంటే ఆ తప్పు ఆయనది కాదు.

ఇక్కడ మన ప్రాంతపు మాట ఒకటి తప్పక చెప్పాలి. చప్పుడును మనం సప్పుడు అంటాము. అందులో తక్కువతనం లేదు. ‘డప్పు సప్పుడు’ అన్నప్పుడు నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరి మనసైనా ఉత్సాహపడుతుంది. అయినా పాట విషయంలో ఎవరూ సప్పుడు అనరు. పాట ‘సాఫ్‌గ ఇనొస్తది’ లేదా ‘ఇనొస్తలేదు’. మీ కొనుగోలుదారులు నిజంగా అడిగేది ఇదే. హైదరాబాదు నుండి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు వేగం అందుకున్న తరువాత, టైర్ల మోత, గాలి హోరు కలిసి పాటలోని కింది స్వరాలను కప్పివేస్తాయి. అప్పుడు వాల్యూం పెంచితే, కారుతో పాటు వచ్చిన చిన్న స్పీకర్లు ఆ భారానికి తట్టుకోలేక గరగరమంటాయి. ఆ మనిషికి కావలసింది ఎక్కువ శబ్దం కాదు, తేట. ‘తేటగా వినబడుతుంది’ అన్నది అచ్చమైన తెలుగు, అందరికీ తెలిసినది, మీ పనిని సరిగా చెప్పేది. ‘స్పష్టత’ కూడా తప్పు కాదు గాని, పాట విషయంలో తేటకు ఉన్న చనువు దానికి లేదు.

మోత అనే మాటలో రెండు వేర్లు కలిసిపోయాయి. పూర్వం ‘మ్రోయు’ (మోగు అని అర్థం) నుండి వచ్చిన మ్రోత, రేఫ జారిపోగా మోత అయింది. ఇంజను మోత, బాజాల మోత ఇదే. ‘మోయు’ నుండి వచ్చిన మోత వేరు. బరువుల మోత అది. మీ వృత్తిలో రెండూ పక్కపక్కనే వస్తాయి కనుక కరపత్రంలో నామవాచకం విడిచి క్రియలే వాడడం మేలు. స్పీకరు వాట్లను మోస్తుంది, పాటను మోగిస్తుంది. ఆర్‌ఎంఎస్ వాట్లు అంటే ఆ స్పీకరు ఎడతెగకుండా మోయగలిగిన శక్తి. పీక్ వాట్లు అంటే క్షణకాలం మాత్రమే ఓర్చుకోగలిగినది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేది సాధారణంగా ఈ రెండవ లెక్క. కారు ప్లేయరు పెట్టె మీద నాలుగు స్పీకర్లకు తలా 50 వాట్లు అని ఉన్నా, ఎడతెగకుండా ఇచ్చేది దాదాపు 15 నుండి 20 వాట్లే. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో ఉండేది 14 వోల్టుల చిల్లర. 4 ఓముల నిరోధం ఉన్న స్పీకరుకు ఆ వోల్టేజీతో నేరుగా అంతకు పెద్దగా మించి పంపడం సాధ్యం కాదు. విడిగా బిగించే యాంప్లిఫయర్ ఆ వోల్టేజీని తన లోపల పెంచుకొని వాడుకుంటుంది; దాని ప్రయోజనమంతా అక్కడ ఉంది. ఆర్‌ఎంఎస్‌కు వర్గమధ్యమమూలం వంటి పాఠ్యపుస్తకపు పదాన్ని కరపత్రంలోకి తేవలసిన పని లేదు. ‘ఎడతెగకుండా 60 వాట్లు మోసే స్పీకర్లు’ అంటే చాలు.

యాంప్లిఫయర్‌కు ధ్వనివర్ధకం అనడం రెండు విధాల సరిపడదు. మొదటిది వాడుక: సభలు, ఊరేగింపుల అనుమతి పత్రాలలో ‘ధ్వనివర్ధకాలు’ అంటే మైకులు, లౌడ్‌స్పీకర్లు, మన జిల్లాలలో ‘మైకు’ అనే ఒక్క మాటే ఆ సరంజామా మొత్తానికి చెల్లుతున్నది. మీ కరపత్రం చదివినవారు కారు మీద ప్రచారపు మైకు బిగిస్తారని అనుకోవచ్చు. రెండవది ఇంకా ముఖ్యమైనది: యాంప్లిఫయర్ పెంచేది ధ్వనిని కాదు. అది ప్లేయరు నుండి తీగల్లో వచ్చే విద్యుత్ సంకేతాన్ని బలపరుస్తుంది. ఆ సంకేతం స్పీకరు చేరి అక్కడి పొరను కదిలించినప్పుడే ధ్వని పుడుతుంది. కనుక పేరును యాంప్లిఫయర్ అనే ఉంచండి. స్పీకరు, సబ్‌వూఫర్ (కింది స్వరాలను పలికే పెద్ద స్పీకరు), ట్వీటర్ (పై స్వరాలను పలికే చిన్న స్పీకరు) విషయంలోనూ ఇదే నా అభిప్రాయం. వస్తువుకు అంగట్లో ఏ పేరు పలుకుతుందో ఆ పేరే రాయాలి. అది చేసే పనిని మాత్రం తెలుగు క్రియలో చెప్పాలి. అయితే అరువు తెచ్చుకున్న పేరైనా మన విభక్తులను, మన బహువచనాన్ని పాటించాలి. కారు కార్లు అయినట్లు స్పీకరు స్పీకర్లు అవుతుంది. ‘స్పీకర్స్’ వద్దు, బోర్డుల మీద అక్కడక్కడా కనబడే ‘స్పీకర్స్‌లు’ అసలే వద్దు.

ఈ పద్ధతిలోనే గెయిన్, క్రాసోవర్ కూడా తేలిపోతాయి. గెయిన్‌ను ‘లాభం’ అని గాని ‘వృద్ధి’ అని గాని అనువదిస్తే కొనుగోలుదారు అపార్థం చేసుకుంటాడు. దానిని వాల్యూం పెంచే మరో మీట అనుకొని చివరిదాకా తిప్పేవారు ఇప్పటికే ఎక్కువ. వచ్చే సంకేతం ఎంత బలంగా ఉందో దానికి యాంప్లిఫయర్‌ను సరిపెట్టే మీట అది. అవసరానికి మించి తిప్పితే సంకేతపు అలల తలలు తెగి, పాట గరగరమని, ట్వీటరు కాలిపోయే ప్రమాదం ఉంది. కనుక ‘గెయిన్ సరిపెట్టి ఇస్తాం’ అని రాయండి, ‘పెంచి ఇస్తాం’ అని రాయకండి. క్రాసోవర్ చేసేది పంపకం: సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువ ఉన్న స్వరాలను సబ్‌వూఫర్‌కు, ఎగువ ఉన్నవాటిని తలుపుల్లోని స్పీకర్లకు పంచుతుంది. ఇందుకు సంగీత పరిభాష మనకు ఎప్పటినుండో సిద్ధంగా ఉంది. కింది స్వరాలు మంద్రస్థాయి, పై స్వరాలు తారస్థాయి. ‘మంద్రస్థాయిని సబ్‌వూఫర్‌కు పంచుతుంది’ అన్న వాక్యం వినసొంపుగా ఉంటుంది. తారస్థాయితో మాత్రం జాగ్రత్త. ‘వివాదం తారస్థాయికి చేరింది’ అని పత్రికలు రాసి రాసి, ఆ మాటకు ‘అన్నిటికంటే హెచ్చు’ అనే అర్థాన్ని అంటించాయి. ‘తారస్థాయి స్పీకర్లు’ అంటే మేలురకం అనుకుంటారు. అక్కడ ‘సన్నని పై స్వరాలు’ అనడం క్షేమం.

మీరు అడగని విషయం ఒకటి చేరుస్తున్నాను, ఎందుకంటే తెలుగు సంపద మీ వృత్తికి అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది అక్కడే. మన భాషలో ధ్వన్యనుకరణ పదాలు లెక్కకు మించి ఉన్నాయి, దుకాణానికి వచ్చినవారు తమ బాధను వాటితోనే చెబుతారు. వాటిని చిన్నచూపు చూడకండి; ఒక్కొక్క మాట ఒక్కొక్క లోపాన్ని పట్టి ఇస్తుంది. ‘గరగరమంటున్నది’ అంటే స్పీకరు పొర చిరిగి ఉండవచ్చు, లేదా గెయిన్ హద్దు మీరి ఉండవచ్చు. ‘దడదడమంటున్నది’ అంటే స్పీకరు బాగానే ఉండి తలుపు రేకో, దాని మీది ప్లాస్టిక్ పలకో అదురుతున్నది. లోపలి రేకుకు బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) పట్టీలు అంటించి అదురు తగ్గించాలి. ‘కుయ్యిమంటున్నది, ఎక్సలరేటరు తొక్కితే ఇంకా కీచుగా అయితున్నది’ అంటే ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించేది) రొద సంకేతంలో కలుస్తున్నదని, ఎర్తింగును ముందు పరీక్షించాలని తెలుస్తుంది. ‘గొంతు బొంగురు పోయింది’ అంటే పై స్వరాలు అందడం లేదు. గరగరకు, దడదడకు ఉన్న తేడాను ఒక అక్షరమైనా వృథా పోకుండా చెప్పగల భాష చేతిలో ఉండగా, ‘ధ్వని నాణ్యతా లోపములు సవరింపబడును’ అని రాయడం నాకు బాధగా ఉంది. మీ కరపత్రంలో ఒక పక్క ఈ మాటలనే వరుసగా వేసి, ఎదురుగా కారణం రాయండి. చదివినవారు తమ కారును అందులో గుర్తుపడతారు.

ఉన్నతీకరణ రూపం సరైనదే. ఉన్నతం కానిదానిని ఉన్నతంగా చేయడం దాని అర్థం. ఆధునికీకరణ కూడా ఇట్లాంటిదే (ఆధునీకరణ అని రాయడం తప్పు). కాని తెలుగు వాడుకలో బడులు, ఆసుపత్రులు ఉన్నతీకరణ పొందుతాయి, స్పీకర్లు కాదు. ‘బాగుచేస్తాం’ అనవద్దు, చెడిపోయినవాటికే ఆ మాట. ‘మెరుగైనవి బిగిస్తాం’ అన్నది సూటిగా ఉంటుంది. ఇక ‘బిగింపబడును, అమర్చబడిన, వారిచే’ వంటి కర్మణి రూపాలు మన ఊళ్లలో దుకాణపు బోర్డులకు ఆనవాయితీగా అంటుకున్నాయి గాని, చేసేవాడు ఎదురుగానే ఉన్నప్పుడు అతణ్ణి వాక్యంలోంచి తప్పించడం తెలుగు స్వభావం కాదు. బిగించేది మీరే కనుక ‘బిగిస్తాం’ అనండి. కారు యజమాని మాటల్లోనైతే ‘స్పీకర్లు మార్పించాను’ అన్నది సరి; పని మీరు చేశారు, చేయించినది ఆయన.

‘రెండింతలు ఎక్కువ’లో భాషా చిక్కూ ఉంది, శాస్త్ర దోషమూ ఉంది. పాతది ఒకటైతే కొత్తది రెండా, మూడా అన్నది ఆ మాట తేల్చదు. ‘రెట్టింపు’ అంటే అనుమానం ఉండదు. అయితే రెట్టింపు అనీ రాయకూడదు. యాంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు (ధ్వని తీవ్రతకు కొలమానం), అంటే చెవికి కాస్త తేడా తెలిసేటంత. వినేవారికి దాదాపు రెట్టింపు అనిపించాలంటే పది రెట్ల వాట్లు కావాలి.

మీ వాక్యాలను ఇట్లా మార్చి రాశాను, అవసరాన్ని బట్టి కుదించుకోండి:

‘కారుతో పాటు వచ్చిన స్పీకర్లు తీసి, మెరుగైనవి బిగిస్తాం. రహదారి మీద కూడా పాట తేటగా వినబడేటట్లు, స్పీకర్లు ఎడతెగకుండా మోయగలిగిన వాట్లకు తగిన యాంప్లిఫయర్ ఎంచి, గెయిన్ సరిపెట్టి ఇస్తాం. మంద్రస్థాయి కోరేవారికి సబ్‌వూఫర్ బిగిస్తాం. తలుపుల అదురు తగ్గిస్తాం. యాంప్లిఫయర్‌కు పోయే కరెంటు తీగకు, బ్యాటరీ నుండి మూరెడు లోపలే ఫ్యూజు వేస్తాం.’

చివరి వాక్యంలో మూరెడు అన్నది అలంకారానికి వేసినది కాదు. ఫ్యూజు బ్యాటరీకి 18 అంగుళాల లోపు ఉండాలన్నది ఈ వృత్తిలో సాధారణంగా పాటించే కొలత. మూర అంటే సరిగ్గా అంతే.