పరిశ్రమల పాఠాన్ని బట్టీ పట్టకండి, లెక్క కట్టండి

ప్రశ్న: మాది దేవరకొండ. బీఏ అయ్యింది, గ్రూప్-2కు చదువుతున్నాను. పరిశ్రమలు ఎక్కడ వస్తాయి, ఎందుకు వస్తాయి, అభివృద్ధిని ఎలా కొలుస్తారు అనే పాఠాల్లో నిర్వచనాలన్నీ వచ్చు. ప్రశ్న కాస్త తిప్పి అడిగితే తప్పుతున్నాను. భూగోళశాస్త్రంతో గ్రూప్స్ కాకుండా ఇంకేమైనా దారులున్నాయా సార్?

జవాబు: అమ్మా, గ్రూప్-2 మూడో పేపర్ 150 మార్కులూ ఆర్థిక వ్యవస్థ, అభివృద్ధి మీదే. భూగోళం మొదటి పేపర్‌లోనూ వస్తుంది. రెండుచోట్లా వాక్యాలిచ్చి ఏది సరైనదో తేల్చమంటారు. అక్కడ నిర్వచనం చాలదు, దాని వెనకున్న లెక్క తెలియాలి. ఆ లెక్క నేర్చుకోవడానికి మీ చుట్టుపక్కల ఉన్నన్ని ఉదాహరణలు పుస్తకంలో కూడా ఉండవు.

ముందు జర్మన్ ఆర్థికవేత్త వెబర్ 1909లో చెప్పిన కనిష్ఠ వ్యయ సిద్ధాంతం తీసుకోండి, అంటే ఖర్చు అతి తక్కువయ్యే చోటే ఫ్యాక్టరీ వస్తుందన్నది. స్థానికంగా దొరికే ముడిసరుకు బరువును తయారైన సరుకు బరువుతో భాగిస్తే వచ్చేది పదార్థ సూచిక. 1 దాటితే ఫ్యాక్టరీ ముడిసరుకు దగ్గరికి, తగ్గితే మార్కెట్ దగ్గరికి మొగ్గుతుంది. టన్ను సిమెంటుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. 100 కిలోల కాల్షియం కార్బొనేట్‌ను కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలిసిపోతుంది. గాల్లో కలిసేదానికి లారీ కిరాయి కట్టడం దండగ కాబట్టే వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువుల్లో ఫ్యాక్టరీలు రాతిగనులను ఆనుకుని ఉన్నాయి. మరి బొగ్గు కూడా కాలిపోయేదే కదా, సింగరేణి వైపు ఎందుకు పోలేదు? సిమెంటుకు సున్నపురాయితో పోలిస్తే బొగ్గు చాలా తక్కువ పడుతుంది. ఇలాంటి ఎదురు ప్రశ్న ప్రతి పరిశ్రమకూ వేసుకోండి.

వడ్లకూ ఇదే లెక్క. క్వింటాలు వడ్లు ఆడిస్తే ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల పచ్చిబియ్యం రావాలి. 100ను 67తో భాగిస్తే సుమారు 1.49. సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో ఉన్న మిర్యాలగూడలో అన్ని మిల్లులు ఎందుకున్నాయో ఈ అంకె చెబుతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, మార్కులూ ఇక్కడే పోతాయి. గద్వాల చీరకు పట్టు బయటి నుంచే వస్తుంది, నేతలో బరువు పెద్దగా తగ్గదు. అక్కడ పరిశ్రమను నిలిపింది నేతగాళ్ల పనితనం. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలు రావడానికి కారణాలు 44వ నంబరు జాతీయ రహదారి, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రాయితీలు, హైదరాబాద్ దగ్గరగా ఉండటం. దామరచర్లలోని 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి పక్కన బొగ్గు గని లేదు, నీళ్లకు కృష్ణా నది ఉంది. వెబర్ లెక్క ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో రెండూ రాసుకోండి.

ఆర్థిక వృద్ధికి అమెరికా ఆర్థికవేత్త రోస్టో 1960లో చెప్పిన అయిదు దశల వరుస, అన్ని దేశాలూ ఒకే బాటలో నడుస్తాయనడం మీద వచ్చిన విమర్శ తెలిస్తే చాలు.

వృద్ధి, అభివృద్ధి ఒకటి కావు. జిల్లా స్థూల ఉత్పత్తిని సరుకు తయారైన చోటే లెక్కిస్తారు. ఫ్యాక్టరీ యజమాని ఎక్కడున్నా ఉత్పత్తి విలువ ఫ్యాక్టరీ ఉన్న జిల్లాకే చేరుతుంది. వలసపోయిన పాలమూరు కూలీ ముంబైలో చేసిన పని మహారాష్ట్ర లెక్కలోకి పోతుంది. అందుకే తలసరి ఆదాయం ఒక్కటే చూసి జిల్లా బాగుందనో బాగాలేదనో తేల్చకూడదు.

1990లో మొదలైన మానవాభివృద్ధి సూచిక ఆయుర్దాయం, చదువు, ఆదాయం మూడింటినీ చూస్తుంది. 2010 నుంచి ఈ మూడింటికీ గుణమధ్యమం తీస్తున్నారు, అంటే మూడింటినీ గుణించి ఘనమూలం కడతారు. మూడు విలువలు 0.9, 0.9, 0.3 అనుకుంటే మామూలు సగటు 0.7, గుణమధ్యమం సుమారు 0.62. ఒక్క రంగం వెనకబడినా మిగతా రెండూ దాన్ని కప్పిపెట్టలేవన్నమాట. ఈ లెక్క మీ చేత్తో ఒకసారి చేయండి.

జిల్లా గణాంకాలతో జాగ్రత్త. 2011 జనాభా లెక్కల్లో నల్లగొండ అంటే ఇప్పటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి కూడా అందులోవే. 2016 విభజనలో షాద్‌నగర్, కొత్తూరు పారిశ్రామిక ప్రాంతం మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డికి పోయింది. పాత, కొత్త జిల్లాల అంకెలను పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుడు నిర్ణయానికొస్తారు.

ఇక వేరే దారుల సంగతి. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీ భూగోళశాస్త్రం చేయవచ్చు, నోటిఫికేషన్‌లో మీ డిగ్రీ సబ్జెక్టులకు అర్హత ఉందో లేదో ముందే చూసుకోండి. ఎమ్మెస్సీతో జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు, వాటి సమాచారం విశ్లేషించే విద్య) వైపు పోవచ్చు. పట్టణ ప్రణాళికలో పీజీ అయిన ఎం.ప్లాన్‌కు భూగోళం పీజీ చేసినవాళ్లను చాలా సంస్థలు తీసుకుంటాయి. టీచర్ కావాలంటే బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి సోషల్ మెథడాలజీతో బీఈడీ చేయండి. జూనియర్ లెక్చరర్‌కు పీజీ తప్పనిసరి, భూగోళానికి పోస్టులు తక్కువ కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

జీఐఎస్ మీకు నచ్చుతుందో లేదో ఫీజులు కట్టకముందే తెలుసుకోవచ్చు. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ సంస్థ) ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు నడుపుతుంది. మొదటి పనిగా ఉమ్మడి నల్లగొండ పటం మీద సిమెంట్ ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, కాల్వలు, రైలు మార్గాలు వేర్వేరు పొరలుగా గుర్తించండి. మిల్లులు కాల్వ వెంట, ఫ్యాక్టరీలు గనుల వెంట కనిపించాలి. అలా కనిపించని చోటు దొరికితే దాని కారణం వెతకండి, పరీక్షకు పనికొచ్చే ప్రశ్న అదే.