రేవారీ వెళ్తున్న అమ్మలుకు

బిట్రగుంట

అమ్మలూ,

హర్యానాలో ఆవిరి ఇంజన్లు ఉంచే రేవారీ స్టీమ్ షెడ్డులో బాయిలర్ పని నేర్చుకోవడానికి వెళ్తున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. మన ఇంటి నుంచి మళ్ళీ ఒకరు ఇంజను ఎక్కుతున్నారన్న సంతోషం ఒకవైపు, ఆ నిప్పు ముందు నిలబడేది నువ్వన్న దిగులు మరోవైపు.

నూలు బట్టలే వేసుకో. జడ ముడి వేసుకో. అక్కడ చలి ఎక్కువ, అయినా బొగ్గు మండే ఫైర్‌బాక్స్ దగ్గరికి నైలాను స్వెట్టరుతో వెళ్ళకు.

అక్కడ అక్బర్ అనే డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజను ఉంది. 1965లో చిత్తరంజన్‌లో తయారైంది. ఈ లైనులో నేను బొగ్గు వేసింది కూడా ఆ జాతి ఇంజనుకే. ప్రయాణికుల బండ్ల కోసం 1947లో మొదట అమెరికా నుంచి తెప్పించారు. తూటా లాంటి ముక్కు, దాని మీద నక్షత్రం. ఆ ముక్కుకు రంగు వేయడానికి చాలామంది దొరుకుతారు తల్లీ. ప్రాణం మాత్రం బాయిలర్లో ఉంటుంది. అందులో చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడి.

ఫైర్‌మన్‌గా నాకది రెండో ఏడు. ఉలవపాడు దాటాం. బాయిలర్లో నీటి మట్టం చూపే గాజు గొట్టం, అదే గేజ్ గ్లాసులో, నీళ్ళు సగానికి పైగా, కదలకుండా ఉన్నాయి. బండి ఊగుతుంటే గాజులో నీళ్ళూ ఊగాలి. అది నాకు తట్టలేదు. మట్టం బాగా నిలబెట్టానని మురిసిపోయాను. ఆలస్యమవుతుందని, బయలుదేరే ముందు గ్లాసులో నీళ్ళు వదిలి, మళ్ళీ నిండుతుందో లేదో చూడనే లేదు. డ్రైవరు గారు ఒక్కసారి చూసి కింది కుళాయి విప్పారు. నీళ్ళు బుస్సుమని పోయాయి. కుళాయి కట్టినా మళ్ళీ పైకి రాలేదు. బాయిలర్ నుంచి గాజుకు వచ్చే కింది దారికి, నీళ్ళలోంచి పేరుకున్న సున్నపు పెచ్చు అడ్డుపడింది. రెండో గ్లాసు మసి తుడిచి చూస్తే చుక్క కనబడలేదు.

గాబరాగా బాయిలర్లోకి నీళ్ళు పంపే ఇంజెక్టర్ తిప్పబోయాను. ఆయన నా చేయి పట్టి లాగేశారు. నీళ్ళు లేక ఎర్రగా కాలిన ఫైర్‌బాక్స్ కప్పు మీద చన్నీళ్ళు పడితే మేము మిగలం. బండి ఆపి నిప్పు దించేశాం. నీళ్ళు లేక కప్పు వేడెక్కితే కరిగి ప్రమాదం తెలిపే సీసపు ప్లగ్గు ఇంకా కరగలేదు. మొదటి పెట్టెలోంచి పాలబిడ్డను ఎత్తుకున్న తల్లి, "ఎంతసేపు ఆగుతుంది నాయనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

నిప్పు వెలిగించే ముందు రెండు గ్లాసులూ వదిలి చూడు. బయలుదేరే ముందు మళ్ళీ చూడు. ఎవరు తొందరపెట్టినా వినకు. బాయిలర్ కడిగిన రోజు ఎంత పెచ్చు రాలిందో దగ్గరుండి చూడు. హాస్టల్‌కు చేరి కూడా ఇంటికి ఫోను చేయడం మరిచిపోయే పిల్లవి, అందుకే ఇన్నిసార్లు చెబుతున్నాను. కోప్పడటం కాదమ్మా.

మొదటిసారి ఇంజను కదిలిన రోజున నాకు ఫోను చెయ్యి. గ్లాసులో నీళ్ళు ఊగాయో లేదో ముందు అది చెప్పు.

మీ తాతయ్య