బుజ్జికి, ఐమ్యాక్ జోలికి వెళ్ళే ముందు

చి. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

అమలాపురం స్టూడియోలో మూలుగుతున్న ఐమ్యాక్ కంప్యూటర్‌ను బయటి ఎస్‌ఎస్‌డీతో, అదే తిరిగే భాగాల్లేని డిస్క్‌తో, నడుపుతానన్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. కొత్తది కొనమని పేచీ పెట్టనందుకు ముచ్చటేసింది. వెంటనే గుండె గుభేలుమంది కూడా. అందులో ఎంతమంది పెళ్ళి ఫోటోలున్నాయో తెలుసా నీకు?

నీ ఆలోచన సరైనదే. 2017 మోడల్ అది, లోపలిది నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్. ప్రతి చిన్న ఫైలుకీ దాని ముల్లు అటూ ఇటూ వెతుక్కోవాలి. ఎస్‌ఎస్‌డీకి ఆ బాధ లేదు. లోపలే మార్పించేద్దాం అని మీ నాన్న అంటే మాత్రం ఒప్పుకోకు. స్క్రీన్ జిగురు టేపుతో అంటించి ఉంటుంది, విప్పేవాడి చెయ్యి తిన్నగా లేకపోతే అద్దం పోతుంది. ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపూ కంప్యూటర్ వాడుకునే మెమరీ, దీంతో పెరగదు, పెద్ద ఆల్బమ్‌లు తెరిచి నన్ను తిట్టుకోకు.

యూఎస్‌బీ 3 రకం ఎస్‌ఎస్‌డీ కొను. నాలుగైదు తగిలించుకునే హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్ వెనక గుచ్చు. కంప్యూటర్‌లోనే ఉండే డిస్క్ యుటిలిటీలో ఫార్మాట్ దగ్గర ఏపీఎఫ్‌ఎస్, స్కీమ్ దగ్గర జీయూఐడీ ఎంచుకుని దాన్ని ఎరేజ్ చెయ్యాలి, అంటే పూర్తిగా చెరపాలి. ఇదిగో, నా భయమంతా ఈ ఎరేజ్ దగ్గరే.

నా స్టూడియోలో ఒక కుర్రాడు పనిచేసేవాడు, నీకు గుర్తుండదు. చురుకైనవాడే. మాఘమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. కొత్త డిస్క్ ఫార్మాట్ చేద్దామని కూర్చున్నాడు. పెళ్ళి ఫోటోల డిస్కూ తగిలించే ఉంది. రెండింటికీ పేరు పెట్టలేదు, తెర మీద రెండూ "అన్‌టైటిల్డ్" అనే కనిపిస్తున్నాయి. పైదాన్ని నొక్కాడు. నిజంగా చెరిపేస్తావా అని అది అడిగింది కూడా, చదవకుండా సరే అన్నాడు. అక్కడితో ఆగినా చాలావరకు వెనక్కి వచ్చేవి. ఖాళీ డిస్కే కదా అని దాని మీదికి వేరే ఫైళ్ళు ఎక్కించేశాడు. రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికితే భోజనాల పంక్తులు వచ్చాయి, తలంబ్రాలు రాలేదు. మూడుముళ్ళ ఫోటో సగం వచ్చింది, కింద సగం బూడిదరంగు పట్టీ. రాజోలు వెళ్ళి పెళ్ళికూతురి తండ్రికి చెప్పాం. ఒక్క మాట అనలేదాయన. బొండాలు కొట్టించి ఇచ్చాడు. తిట్టినా బాగుండేది! ఆ కుర్రాడు మర్నాటి నుంచి పనిలోకి రాలేదు, ఇంటికెళ్ళి పిలిచినా రాలేదు.

అందుకని ముందు స్టూడియో ఫోటోలన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించి, నాలుగైదు తెరిచి చూసుకుని, ఆ డిస్క్ ఊడబీకి బీరువాలో పెట్టు. ఎరేజ్ చేసేటప్పుడు కొత్త ఎస్‌ఎస్‌డీ తప్ప బయటిదేదీ తగిలించి ఉండకూడదు. లోపలి డిస్క్ కూడా లిస్టులో కనిపిస్తుంది. పేరూ సైజూ పైకి చదివి మరీ నొక్కు. నవ్వకే, చదువు.

తర్వాతంతా సులువే. కమాండ్, ఆర్ కలిపి నొక్కి ఆన్ చేసి, సిస్టమ్‌ను ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించు. స్టార్టప్ డిస్క్‌గా దాన్నే పెట్టు. ఎప్పుడైనా మొరాయిస్తే ఆప్షన్ కీ పట్టుకుని ఆన్ చేస్తే పాత డిస్క్ నుంచి లేస్తుంది. కాబట్టి పాతదాన్ని అప్పుడే చెరపొద్దు.

నడుస్తుండగా కేబుల్ ఊడితే అంతా బిగుసుకుపోతుంది. స్టూడియో ఊడ్చే ఆవిడకి ముందే చెప్పు, ఎస్‌ఎస్‌డీని స్టాండ్ వెనక టేపుతో అంటించు. యూపీఎస్ బ్యాటరీ మార్చారా? మీ నాన్న మార్చానంటాడు, నమ్మకు, ప్లగ్ తీసి చూడు. ముహూర్తాలున్న వారంలో ఈ పని పెట్టుకోకు. డబ్బు తక్కువైతే నాన్నకి చెప్పకుండా నాకు ఫోన్ చెయ్యి. పెద్దమ్మ ఊరగాయ పంపుతోంది, జాడీ తిరిగివ్వమంది.

మీ పెదనాన్న