మాస్టారి జవాబులు: రాణి మీద భక్తా, నాయకుల మీద అనుమానమా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉంటాడు. పోయినేడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఫోన్లో 'మా రాజు చార్లెస్' అని వేళాకోళమాడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. 1999లో బ్రిటన్ రాణే ఆ దేశానికీ రాణిగా ఉండాలా వద్దా అని ఓటింగు పెడితే, జనం ఉండాలనే అన్నారట. అంత చదువుకున్న దేశంలో ఇంకా రాణి మీద భక్తా?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: భక్తి కాదండీ. భక్తే అయితే ఒక్క ముక్కలో తేలిపోయేది.

1999 నవంబరు 6న వాళ్ల బ్యాలెట్ కాగితం మీద 'రాణి కావాలా' అని లేదు. రాణినీ, ఆమె ప్రతినిధి గవర్నర్ జనరల్‌నూ తీసేసి, పార్లమెంటు సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుని నియమించే అధ్యక్షుణ్ని పెడదామా అని ఉంది. ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిదానికి తల ఊపినవాళ్లు రెండోదాని దగ్గర ఆగిపోయారు. పెళ్లికి సిద్ధమే గానీ ఈ సంబంధం వద్దన్నట్టు. ఏదో ఒక రకం రిపబ్లిక్ కావాలనేవాళ్లే ఎక్కువని అప్పటి సర్వేలు చెబుతూనే ఉన్నాయి.

రాచరికం పక్షం వాళ్ల తెలివంతా ఇక్కడే ఉంది. ప్రచారంలో వాళ్లు రాణి ఊసు పెద్దగా ఎత్తలేదు. 'ఇది రాజకీయ నాయకుల రిపబ్లిక్, మనకొద్దు' అన్నారు, అంతే. అధ్యక్షుణ్ని జనమే నేరుగా ఎన్నుకోవాలని పట్టుబట్టిన రిపబ్లిక్‌వాదులు కొందరు వాళ్ల పక్కన చేరారు. రాణి కావాలనేవాడూ, రాణి అసలొద్దనేవాడూ ఒకే వేదికెక్కి 'వద్దు' అని ఓటు వేయమన్నారు. మన జిల్లాలో ఎన్నికల పొత్తులు చూసినవాళ్లకి ఇది వింతేమీ కాదు.

నన్నడిగితే ఫలితం దాదాపు రెండేళ్ల ముందే తేలిపోయింది. 1998 ఫిబ్రవరిలో కాన్‌బెరా పాత పార్లమెంటు భవనంలో 152 మందితో రాజ్యాంగ సమావేశం పెట్టారు. సగం మందిని జనం పోస్టు ద్వారా ఓట్లేసి ఎన్నుకున్నారు, సగం మందిని ప్రభుత్వం నియమించింది. దాదాపు రెండు వారాలు వాదించుకుని, చివరికి ఈ నమూనా మీద లెక్క తీస్తే అనుకూలం 73, వ్యతిరేకం 57, తటస్థం 22. వచ్చినవాళ్లలో సగం మంది కూడా చెయ్యెత్తని నమూనాని దేశం నెత్తిన పెట్టారన్నమాట. పైగా ప్రశ్న వేసిన ప్రధాని జాన్ హోవర్డ్ స్వయానా రాచరికం మనిషి. దేశం గుండె బద్దలు కొట్టాడని ఆయన్ని రిపబ్లిక్ ఉద్యమ నాయకుడు మాల్కం టర్న్‌బుల్ ఫలితం వచ్చిన రాత్రి నిందించాడు. ఈ టర్న్‌బుల్ తర్వాత తానే ప్రధాని అయ్యాడు, రిపబ్లిక్ మాత్రం రాలేదు. ఆ నింద నాకు సగమే న్యాయంగా తోస్తుంది. రిపబ్లిక్ పక్షం హోవర్డ్ దగ్గరికి వచ్చేసరికే రెండు ముక్కలై ఉంది.

ఆ చర్చలో నాకు బాగా నచ్చింది అధ్యక్షుణ్ని తీసేసే పద్ధతి మీద జరిగిన వాదన. ప్రధాని సంతకం పెట్టిన ఒక్క కాగితంతో అధ్యక్షుడు ఇంటికి పోవాలి. తర్వాత 30 రోజుల్లో దిగువ సభ ఆమోదం తీసుకోవాలి గానీ, సభ కాదన్నా ఆ అధ్యక్షుడు మళ్లీ కుర్చీ ఎక్కడు! ఎందుకింత బిగింపు అంటే 1975 చూడాలి. ఆ ఏడాది నవంబరు 11న, రాణి ప్రతినిధిగా ఉన్న గవర్నర్ జనరల్ జాన్ కెర్, ఎన్నికైన ప్రధాని గాఫ్ విట్లాంను పదవిలోంచి తీసేశాడు. ఆ దెబ్బ తిన్నవాళ్లు ఇక ఎవరూ ప్రధాని మీద అలా చెయ్యి వెయ్యకూడదనుకున్నారు. ఎదుటివాళ్లు మాత్రం, ప్రధాని జేబులో ఉండే అధ్యక్షుడు ఏం కాపాడతాడని అడిగారు. రెండు భయాలూ నిజమైనవే. ఇంత సూక్ష్మమైన సంగతి మీద మామూలు ఓటర్ల చేత ఆలోచింపజేయడమే గొప్ప అనుకుంటాను. ఇరుపక్షాల వాదనలూ చెరో రెండు వేల మాటలకు మించకుండా అచ్చువేసి ఓటర్లకు పంపడం అక్కడి చట్టం. ప్రచారానికి రెండు పక్షాలకూ సర్కారే సమానంగా డబ్బిచ్చింది. మనకి కరపత్రమంటే బొమ్మా, గుర్తూ, దండాలూ.

చివరికి 'వద్దు' 54.87 శాతం, 'సరే' 45.13. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ సరే అనలేదు. రాజధాని ఉన్న కాన్‌బెరా ప్రాంతం ఒక్కటే అంది. మీవాడు ఉంటున్న విక్టోరియాలో 49.84 దాకా వచ్చి ఆగింది.

ఇంకోమాట. 1994 నుంచి అక్కడ కొత్త పౌరులు చేసే ప్రమాణంలో రాజుగానీ రాణిగానీ లేరు. ఆస్ట్రేలియాకీ, ఆ దేశ ప్రజలకీ విధేయుడినంటారు. పార్లమెంటు సభ్యులకు మాత్రం ఆ సుఖం లేదు, రాజు పేరు చెప్పి తీరాలి. కాబట్టి మీ అబ్బాయి మిమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు, ఒళ్లు చల్లబరచుకోండి.

ప్రశ్న: మన రాష్ట్రపతినీ ఎంపీలు, ఎమ్మెల్యేలే ఎన్నుకుంటారు కదా సార్! మనమెవరం 'నాయకుల రిపబ్లిక్' అని గోల పెట్టలేదే?
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మనల్ని ఎవరూ అడగలేదమ్మా, అదీ తేడా. మన దగ్గర రాజ్యాంగ సభ తేల్చేసింది, 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది, రిఫరెండం లేదు. జనం నేరుగా ఎన్నుకున్న మనిషికి అధికారం ఇవ్వకపోతే వింతగా ఉంటుందని నెహ్రూ 1947లోనే సభలో అన్నారు. ఆస్ట్రేలియాలో పార్లమెంటు ఎంపికను సమర్థించినవాళ్ల వాదనా దాదాపు అదే: నేరుగా ఎన్నికైనవాడు 'నాకూ కోటి ఓట్లున్నాయి' అని ప్రధానితో తలపడతాడు.

నువ్వు బొబ్బిలి నుంచి రాశావు గనక చెబుతున్నాను. 1937లో మీ ఊరి రాజావారు, మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉండి కూడా, మీ నియోజకవర్గంలోనే కాంగ్రెస్ తరఫున నిలబడ్డ వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. అప్పుడు అందరికీ ఓటు లేదు, ఆస్తీ చదువూ ఉన్నవాళ్లకే. అయినా ఓడారు. ఆ గిరిగారే 1969లో రాష్ట్రపతి అయ్యారు, అదీ రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక, ఇంకో తెలుగాయన నీలం సంజీవరెడ్డి మీద. ఎంపీలూ ఎమ్మెల్యేలూ వేసే ఓటు ఉత్త తంతు అనేవాళ్లకి ఆ ఎన్నిక చూపించు. ఆ కథ మీ పాఠ్యపుస్తకంలో ఉందో లేదో మీ లెక్చరర్‌నే అడుగు.

ప్రశ్న: ఏటి మాస్టారూ, మనూర్లో 'రాజుగారు కావాలా, వద్దా' అని ఓటింగు పెడితే ఏటవుద్ది?
– మూడు లాంతర్ల దగ్గర టీ తాగే బృందం

జవాబు: ఏటీ అవదు. మన విజయనగరం పూసపాటివారు జమీందారులు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, వాళ్లనీ అడగలేదు, మీ తాతల్నీ అడగలేదు. ఆ తర్వాత పి.వి.జి.రాజుగారు సోషలిస్టు పార్టీ తరఫున ఓట్లడిగి గెలిచారు. పైడితల్లి జాతరలో సిరిమాను తిరిగే వేళ రాజకుటుంబం కోట బురుజు మీద కూర్చుంటుంది, జనం దండం పెడతారు. దానికి ఏ రాజ్యాంగంలోనూ పేజీ అక్కర్లేదు. టీ డబ్బులు ఎవరివ్వాలన్నదాని మీద ముందు ఓటింగు పెట్టుకోండి.

ప్రశ్న: మన దేశంలో ఓటేసి రాజుని దించిన సందర్భం ఉందా?
– ఎన్.ఎస్., పాలకొండ

జవాబు: ఉంది, కానీ చూసి నేర్చుకునే రకం కాదు. 1975 ఏప్రిల్ 10న సిక్కిం అసెంబ్లీ చోగ్యాల్ (అక్కడి రాజు) పదవి రద్దు చేసి భారతదేశంలో కలవాలని తీర్మానించింది. 14న ఓటింగు. మధ్యలో ఎన్ని రోజులో మీరే లెక్కపెట్టుకోండి. 9వ తేదీన మన సైన్యం చోగ్యాల్ అంతఃపుర రక్షకుల ఆయుధాలు తీసేసుకుంది. ఓట్లు: అనుకూలం 59,637, వ్యతిరేకం 1,496. మే 16న సిక్కిం మన 22వ రాష్ట్రమైంది. జనానికి చోగ్యాల్ మీద కోపం లేదనను. అంతకు రెండేళ్ల ముందే పెద్ద ఆందోళన నడిచింది. కానీ రాజుని వద్దనడం, ఇంకో దేశంలో కలవడం రెండూ ఒకే ప్రశ్నలో కుట్టేశారు. రాజు వద్దు, సిక్కిం సిక్కింగానే ఉండాలి అనేవాడు ఎటు వెయ్యాలి? ఆస్ట్రేలియా ప్రశ్నలోనూ రెండు సంగతులున్నాయి గానీ, విప్పి చూసుకునే వ్యవధి ఉంది.

ప్రశ్న: ఈసారి ఆస్ట్రేలియాలో ముందు 'రాజు కావాలా, వద్దా' అని మాత్రమే అడిగి, అధ్యక్షుడి సంగతి తర్వాత చూసుకుంటే సరిపోదా? మా జీవితకాలంలో చూస్తామా?
– ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జవాబు: అక్కడా చాలామంది అదే అంటున్నారు. నాకు నచ్చదు. వద్దన్నాక ఏం వస్తుందో చెప్పకుండా ఓటడగడం తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకోవడమే. ఇటలీ 1946 జూన్ 2న అలా అడగలేదా అంటారేమో. అడిగింది. సుమారు 1 కోటి 27 లక్షల మంది రిపబ్లిక్ అన్నారు, 1 కోటి 7 లక్షల మంది రాజు ఉండాలన్నారు, దక్షిణాది ఎక్కువగా రాజు వైపే నిలిచింది. కానీ అదే రోజు, అదే ఓటర్లు రాజ్యాంగం రాసే సభనీ ఎన్నుకున్నారు. కాగితం ఎవరి చేతికి వెళుతోందో వాళ్లకి తెలుసు. ఆస్ట్రేలియా అలా చేస్తానంటే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను.

చూస్తారా అంటే, 2022లో అక్కడ రిపబ్లిక్ పని కోసం ఒక సహాయ మంత్రి పదవే పెట్టారు, 2024లో ఎత్తేశారు. మధ్యలో 2023 అక్టోబరులో ఆదివాసుల మాట పార్లమెంటుకు వినిపించే 'వాణి' అనే సలహా సంఘం మీద పెట్టిన రిఫరెండం ఓడిపోయింది. ఇప్పటిదాకా 45 సవరణలు ఓటుకి పెడితే నెగ్గినవి 8. దేశం మొత్తం మీదా మెజారిటీ రావాలి, ఆరింట నాలుగు రాష్ట్రాల్లోనూ రావాలి. మీ వయసెంతో రాయలేదు.